ఒక్కడితో సరిపెట్టిన నేరం

భర్త డేనియల్‌ని పోలీసులు పట్టుకెళ్ళిన సంగతి షారోన్‌కి ఇంటివాళ్ళు చెప్పలేదు. రక్తపరీక్షకి వచ్చిన ఒక ముసలాయన చెప్పాడు.

తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె ల్యాబ్ టెక్నీషియను. ఆ ముసలాయన చొక్కా చెయ్యి పైకి మడుచుకుని కూర్చుని, గోడ మీది టీవీ వంక చూస్తూ, "దొరికాడమ్మా వాడు. సముద్రాన్ని పాడుచేసినోడు. మన తెనాల్లోనే ఉన్నాడంట, చూడు," అన్నాడు. షారోన్ అప్పటికే సూది గుచ్చింది. తల తిప్పి చూసేసరికి తెర మీద చెంచుపేటలో వాళ్ళ వీధి, వాళ్ళ గేటు, గేటు పక్కన చెప్పుల్లేకుండా నిలబడ్డ అత్తగారు కనిపించారు. డేనియల్ తల వంచుకుని జీపెక్కుతున్నాడు. రెండు చేతులకీ కాలిన పుండ్ల కట్లు ఇంకా అలాగే ఉన్నాయి.

షారోన్ రక్తం తీయడం పూర్తి చేసింది. దూది పెట్టి, "గట్టిగా నొక్కి పట్టుకోండి తాతగారూ," అంది. సీసా మీద ఆయన పేరు రాసింది. 

డేనియల్ సముద్రంలో ఆయిలు బావులు తవ్వే రిగ్గు మీద ఆపరేటరు. నెల నీళ్ళ మీద, నెల ఇంటి దగ్గర. తల్లి వరమ్మ చుండూరులో నాట్లకీ కోతలకీ కూలికి పోయి చదివించుకున్న ఒక్కగానొక్క కొడుకు. ఉద్యోగం వచ్చినప్పుడు చర్చిలో పాస్టరు గారు లేచి నిలబెట్టి మరీ ప్రార్థన చేయించారు. ఇప్పుడు ఆ చర్చిలోనే జనం వరమ్మ పక్కన కూర్చోవడానికి ఒక్క క్షణం ఆలోచిస్తున్నారు.

బావి పేలింది వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో. అడుగు నుంచి గ్యాసు తన్నుకొచ్చి రిగ్గు అంటుకుంది. ఇద్దరు పనివాళ్ళు అక్కడికక్కడే పోయారు. మిగతావాళ్ళని పడవల్లోకి దింపారు. మంట ఆరిందని ఊపిరి పీల్చుకునేలోగా అసలు కీడు మొదలైంది. బావి నోరు మూయడం ఎవరి తరమూ కాలేదు. వారాల తరబడి ముడి ఆయిలు సముద్రంలోకి పోతూనే ఉంది. నిజాంపట్నం నుంచి సూర్యలంక దాకా ఒడ్డంతా నల్లబడింది. చేపల వేట ఆపేశారు. రేపల్లె వైపు రొయ్యల చెరువులకి నీళ్ళు తోడుకునే పాయల్లోకి ఆయిలు ఎక్కి, ఎదిగిన రొయ్య ఎదిగినట్టే తేలిపోయింది.

డేనియల్ ఇంటికొచ్చాక ఆ సంగతులేవీ మాట్లాడలేదు. కట్లు మార్చేటప్పుడు నొప్పి అని కూడా అనేవాడు కాదు. ఎవరు ఏమడిగినా, "ఎంక్వయిరీ జరుగుతోంది," అని ఊరుకునేవాడు. చివరికి కంపెనీ తన మాట తను చెప్పేసింది. ప్రమాదానికి కారణం డ్యూటీలో ఉన్న ఆపరేటరు నిర్లక్ష్యమేనంది. ఆ మర్నాడే జీపు వచ్చింది.

సాయంత్రం షారోన్ ఇంటికి వచ్చేసరికి వరమ్మ గడప మీద అలాగే కూర్చుని ఉంది.

"అన్నం తిన్నారా అత్తయ్యా?"

"వాడు కంచం ముందు కూర్చోగానే వచ్చారమ్మాయ్. తిని వస్తాడు బాబూ అన్నా వినలేదు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆ రిగ్గు మీద అంతమంది పెద్దోళ్ళున్నారు గదా. మన పిల్లోడి పేరే అంత తేలిగ్గా ఎట్టా నోటికొచ్చింది వాళ్ళకి?"

 షారోన్ లోపలికి వెళ్ళి, డేనియల్‌కి పెట్టిన కంచం తీసి పక్కన పెట్టింది.

డేనియల్‌ని రేపల్లె సబ్‌జైల్లో ఉంచారు. షారోన్ సెలవు పెట్టి తెనాలిలో రైలెక్కింది. దారి పొడవునా ఆమె మనసులో ఒకటే మాట: ఆయన నోటితో 'నా తప్పేం లేదు' అంటే చాలు, ఎంత దూరమైనా పోయి కొట్లాడతాను.

కటకటాల అవతల డేనియల్ గడ్డం పెరిగి, పదేళ్ళు పెద్దవాడిలా కనిపించాడు. కట్లు మురికి పట్టాయి. ముందు ఆమె వాటి గురించే అడిగింది. రోజూ మారుస్తున్నారా అంటే లేదన్నాడు. జైలరుతో మాట్లాడతానంది. 

"అసలేం జరిగిందండీ?" అంది చివరికి. "నాక్కూడా చెప్పకపోతే ఎట్లా?"

డేనియల్ నెమ్మదిగా మొదలుపెట్టాడు. "బావి అడుగున సిమెంటు పోస్తారు. అది గట్టిపడి గ్యాసుని ఆపుతోందా లేదా అని ప్రెషరు చూసి చెప్పాలి. ఆ పూట అది నా పని."

"ఆపిందా?"

"లేదు. మీటరు ముల్లు ఒక చోట నిలబడట్లేదు, పైకే పోతోంది. సిమెంటు పట్టలేదు సార్, ఆగుదాం, మళ్ళీ పోసి చూద్దాం అన్నాను. మేనేజరు ఒడ్డు మీది ఆఫీసుకి ఫోను చేశాడు. ఇప్పటికే ఆలస్యమైంది, ఇంక ఆగేది లేదన్నారంట. ముల్లు తప్పు చూపిస్తుందేమోలే, కానియ్యి అన్నాడు."

"మీరేమన్నారు?"

డేనియల్ తన చేతుల వంక చూసుకున్నాడు. "సరే సార్ అన్నాను."

బయట ఎవరో బకెట్టు ఈడుస్తున్న చప్పుడు. అది ఆగాక అతనే మళ్ళీ చెప్పాడు. "గ్యాసు ఎంత తన్నుకొచ్చినా బావి నోరు మూసేసే పెద్ద వాల్వు ఒకటుంటుంది, సముద్రం అడుగున. మీట నొక్కాను. అది మూసుకోలేదు. దాన్ని విప్పి బాగుచేయించాల్సిన గడువు ఎప్పుడో దాటిపోయింది. రిగ్గు మీద అందరికీ తెలుసు ఆ సంగతి. చూసిపోవడానికొచ్చిన గవర్నమెంటు ఆఫీసరుకీ తెలుసు. అయినా పర్మిషన్ ఇచ్చిపోయాడు."

"ఇదంతా పోలీసులకి చెప్పలేదా?"

"చెప్పాను. ఎక్కడా రాసుకున్నట్టు లేదు."

"అయితే కోర్టులో చెప్పండి. మీ తప్పేం లేదని చెప్పండి."

"అట్లా ఎట్లా చెప్పను షారోన్?"

ఆమె ఊచలు పట్టుకుంది. "అదేంటండీ? మీరు వద్దన్నారు. వాళ్ళు వినలేదు. కాదంటే మిమ్మల్ని లేపి ఇంకొకణ్ణి కూర్చోబెట్టేవాళ్ళు."

"కూర్చోబెట్టేవాళ్ళే. కానీ నన్నెవరూ లేపలేదు. నేనే కూర్చుని ఉన్నాను. ఇద్దరు మనుషులు పోయారు. అందులో ఒకడు మధ్యాహ్నం నా పక్కన కూర్చుని భోంచేసినవాడు." ఊడిపోతున్న కట్టు అంచు లోపలికి దోపుకున్నాడు. "నా వంతు నాది. కాదనను. మొత్తం నాదే అంటున్నారు చూడు, అదే నాకు మింగుడు పడట్లేదు."

తిరుగు రైల్లో షారోన్‌కి దుఃఖం కంటే కోపం ఎక్కువ వచ్చింది. నిర్దోషి కోసం కొట్లాడడం తేలిక. సగం తప్పు చేశానని తనే అంటున్న మనిషి కోసం ఎవరి దగ్గరికి పోయి ఏమని అడగాలి? పెనుమర్రు దాటాక ఆమెకి ఒకటి తోచింది. ఆయన్ని ఏ పాపానికి జైల్లో పెట్టారో ఆ పాపాన్ని తను ఇంతవరకు కళ్ళారా చూడలేదు. టీవీలో చూసింది, అంతే.

ఆదివారం చర్చికి పోకుండా బాపట్ల బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో సూర్యలంక వెళ్ళింది. చిన్నప్పటి నుంచి కార్తీకమాసంలోనో, స్కూలు పిల్లలతోనో ఎన్నోసార్లు చూసిన ఒడ్డే. ఆటో దిగకముందే పెట్రోలు బంకులో నిలబడ్డట్టు వాసన కొట్టింది. ఇసక మీద నల్లటి జిడ్డు అట్టలు కట్టి ఉంది. అల వచ్చినప్పుడు తెల్లటి నురగ లేదు, చప్పుడు కూడా బరువుగా ఉంది. ఒక తాబేలు చచ్చి పడి ఉంటే కుక్కలు వాసన చూసి దూరంగా పోతున్నాయి. కొందరు చేటలతో, తట్టలతో ఆ జిడ్డు ఎత్తి గుట్టలు పోస్తున్నారు. ఏ ఒక్కరి చేతికీ తొడుగు లేదు.

షారోన్ అక్కడే ఇసకలో చతికిలబడింది. 'సరే సార్' అన్న రెండు మాటలు ఇంత దూరం వచ్చి ఇలా పడ్డాయా అనుకుంది.

"ఎవరమ్మాయ్? కళ్ళు తిరిగినియ్యా?" అంటూ ఒక మనిషి వచ్చి నీళ్ళ సీసా ఇచ్చింది. ఆమె పేరు నాగేంద్రమ్మ. భర్త సుబ్బయ్యకి సొంత పడవ ఉంది. వేట ఆగిపోయాక కంపెనీవాళ్ళు ఇచ్చే కూలికి ఆయిలు ఎత్తడానికి వెళ్ళాడు. అప్పటి నుంచి ఆయాసం. షారోన్ తెనాలి నుంచి వచ్చానంది. రక్తపరీక్షలు చేసే పని అంది. అంతకుమించి చెప్పలేదు. నాగేంద్రమ్మ ఆమెని ఇంటికి తీసుకెళ్ళింది.

సుబ్బయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు, పడుకుంటే ఊపిరి ఆడదని. గోళ్ళు నీలంగా ఉన్నాయి. షారోన్ ఆ గోళ్ళు చూసి, "పెద్దమ్మా, ఇక్కడ మందుబిళ్ళలతో కాదు. ఈ పూటే గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి," అంది. తనే అంబులెన్సుకి ఫోను చేసింది. తనూ ఎక్కింది. తెలిసిన నర్సుని పట్టుకుని మంచం ఇప్పించింది. తిరిగి తెనాలి చేరేసరికి దీపాలు పెట్టారు.

ఆ తరవాత సెలవు దొరికినప్పుడల్లా సూర్యలంక పోయింది. ఒడ్డుకి పోయే రోడ్డు పక్కన షామియానా వేసి రిలే దీక్షలు చేస్తున్నారు. 'బాధ్యులను వెంటనే అరెస్టు చేయాలి' అని బ్యానరు కట్టారు. రేపల్లె వైపు రొయ్యల రైతు హనుమంతరావు ఆ దీక్షలు నడిపే కమిటీకి అధ్యక్షుడు. మాట కటువుగా ఉన్నా మనిషి నమ్మకమైనవాడు. చెరువులు పోయిన రైతులనీ, వేట పోయిన పల్లెవాళ్ళనీ ఒక షామియానా కిందకి తెచ్చింది ఆయనే. షారోన్ ఆడవాళ్ళ మధ్య కూర్చునేది. డేనియల్‌ని తిడుతుంటే వినేది. "వాడి చేతులు పడిపోను," అని ఒకావిడ అన్నప్పుడు, ఆ చేతులకి తను మార్చిన కట్లు గుర్తొచ్చి తల దించుకుంది.

ఒక శుక్రవారం హనుమంతరావు మైకు పట్టుకున్నాడు. "అమ్మలారా, అన్నలారా. మనం మొదట అడిగింది అరెస్టు. చేశారు. రెండోది పరిహారం. కలెక్టరాఫీసులో మాటిచ్చారు. ఇన్ని రోజులు పిల్లాపాపలతో ఎండలో కూర్చున్నారు. ఇక చాలు. ఆదివారంతో శిబిరం ఎత్తేద్దాం. మనం గెలిచాం."

కొందరు చప్పట్లు కొట్టారు. చాలామంది అలసటగా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. షారోన్ తనకి తెలియకుండానే లేచి నిలబడింది.

"ఎత్తేయొద్దండి," అంది.

హనుమంతరావు ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "ఏంటమ్మా?"

"బాధ్యులు అని రాశారండి బ్యానరు మీద. ఒకడు అని రాయలేదు. ఒక్కణ్ణి చూపించి సరిపెడుతున్నారు. ఆ బావి దగ్గర ముల్లు చూసినవాడు ఒకడు. కానియ్యమన్నవాళ్ళు వేరే ఉన్నారు. ఆ వాల్వు పాడైపోయిందని తెలిసీ బాగుచేయించనివాళ్ళున్నారు. తెలిసీ పర్మిషన్ ఇచ్చినవాళ్ళున్నారు. వాళ్ళ పేర్లు ఎవరూ అడగట్లేదు."

"నీకెట్లా తెలుసమ్మా ఇదంతా?"

ఆమె ఒకసారి నాగేంద్రమ్మ వైపు చూసింది. "ముల్లు చూసినవాడు మా ఆయనండి. డేనియల్."

 వెనక ఎవరో, "పంపించెయ్యండి దాన్ని," అన్నారు. ఇంకెవరో, "కంపెనీవాళ్ళే పంపుంటారు," అన్నారు. నాగేంద్రమ్మ మెల్లగా లేచి ఎదురుగా వచ్చి నిలబడింది. ఆ కళ్ళలోకి చూడడం షారోన్ వల్ల కాలేదు.

"మా ఆయన్ని ఆసుపత్రికి మోసుకెళ్ళింది ఇందుకా?" అంది నాగేంద్రమ్మ. "మీ పాపం కడుక్కోడానికా మా ఇంట్లో మంచినీళ్ళు తాగింది?"

"నాకు తెలీదు పెద్దమ్మా," అంది షారోన్. "నిజంగా తెలీదు. చూడకుండా ఉండలేక వచ్చాను. చూశాక పోలేకపోయాను. మా ఆయన్ని వదిలేయమని అడగట్లేదు. ఆయన తప్పు ఎంతో అంతకి శిక్ష పడనీండి. ఆయన కూడా అదే అంటున్నారు. కానీ ఆయనొక్కడితో మీరు లేచిపోతే, పెద్దనాన్నకి ఆ ఆయాసం తెచ్చినవాళ్ళు హాయిగా ఇంకో బావి తవ్వుకుంటారు."

చెప్పాల్సింది అయిపోయింది. సంచీ తీసుకుని బయటికి నడిచింది. ఎవరూ ఆపలేదు. ఆటో కోసం రోడ్డు పక్కన నిలబడింది. వెనక మైకులో హనుమంతరావు ఏదో సర్దిచెప్తున్నాడు. ఇంతలో మైకు లేకుండానే నాగేంద్రమ్మ గొంతు వినిపించింది.

"మేం ఒకణ్ణి అడిగామా? ఇన్నాళ్ళు కూర్చుంది ఒకడి కోసమా?"

ఆదివారం రైతులు చాలామంది వెళ్ళిపోయారు. హనుమంతరావు కూడా వెళ్ళాడు. ఆయన చెడ్డవాడు కాదు, చెరువు మళ్ళీ వేసుకోకపోతే ఇల్లు గడవని మనిషి. షామియానా మాత్రం లేవలేదు. పదిమందికి తక్కువైన రోజుల్లో కూడా పల్లె ఆడవాళ్ళు వంతులేసుకుని కూర్చున్నారు. బ్యానరు కింద 'అందరినీ' అని ఇంకో గుడ్డ కట్టారు. షారోన్‌ని ఎవరూ రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. ఆమె పోయి వెనక వరసలో కూర్చునేది.

సంక్రాంతి వెళ్ళాక రిటైరైన జడ్జీ ఒకాయన విచారణకి బాపట్ల వచ్చాడు. వచ్చింది పల్లెవాళ్ళ పట్టుదల వల్లేనని అందరికీ తెలుసు. డేనియల్‌ని పోలీసులు తీసుకొచ్చారు. అతని వకీలు కరుణాకర్ ముందురోజే హెచ్చరించాడు: "సరే అన్నానన్న మాట మీ నోట రానివ్వకండి. అది వస్తే మిమ్మల్ని నేను బయటికి తేలేను." డేనియల్ అంతా విని తల ఊపాడు. కానీ జడ్జీ అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాడు. ముల్లు సంగతి, ఫోను సంగతి, వాల్వు సంగతి, ఆ తరవాత తను 'సరే సార్' అన్న సంగతి. తన తప్పు దాచుకోని మనిషి మిగతావాళ్ళ గురించి అబద్ధం ఎందుకు చెప్తాడని జడ్జీకి అనిపించిందో ఏమో, ఆ తరవాత మేనేజరునీ, ఒడ్డు ఆఫీసు పెద్దనీ, పర్మిషన్ ఇచ్చిన ఆఫీసరునీ పిలవక తప్పలేదు. హనుమంతరావు రేపల్లె నుంచి వచ్చి, తన చెరువుల సంగతి చెప్పి, చివర్లో, "అందరినీ పిలవండి సార్," అని కూర్చున్నాడు. షారోన్ పక్క నుంచి వెళ్తూ ఒక్క క్షణం ఆగాడు. నమస్కారంగా చెయ్యి ఎత్తాడు.

ఛార్జిషీటులో మొత్తం నలుగురి పేర్లు వచ్చాయి. డేనియల్ పేరూ ఉంది, చివర్లో. అందరికంటే పైన కూర్చుని ఆలస్యం కాకూడదని శాసించినవాళ్ళు ఎవరో, ఏ ఊళ్ళో ఉంటారో, ఆ కాగితాల్లో లేదు. కేసు ఇంకా నడుస్తోంది.

ఎండలు ముదిరాక డేనియల్‌కి బెయిలొచ్చింది. ఆ వారంలోనే సుబ్బయ్య పోయాడు. మధ్యలో కాస్త కోలుకుని ఇంటికొచ్చాడు గానీ ఆ ఊపిరితిత్తులు నిలవలేదు. కబురు తెలిసి షారోన్ బయల్దేరుతుంటే డేనియల్ కూడా చొక్కా వేసుకున్నాడు. వరమ్మ, "నువ్వు పోతే ఏమన్నా చేస్తార్రా," అంది. "చెయ్యనీ అమ్మా," అన్నాడతను.

షారోన్ ముందు నాగేంద్రమ్మకి ఫోను చేసింది. అవతల చాలాసేపు ఏడుపులు వినిపించాయి. చివరికి నాగేంద్రమ్మ, "నువ్వు రా. ఆయన్ని మాత్రం తీసుకురామాకు. ఇవాళ నా వల్ల కాదు," అంది.

డేనియల్ బాపట్ల బస్టాండులోనే ఆగిపోయాడు. షారోన్ ఒక్కతే వెళ్ళింది. శవం లేచేదాకా ఉంది. నాగేంద్రమ్మ ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది, కానీ డేనియల్ గురించి ఒక్క మాట అడగలేదు.

పొద్దు వాలాక షారోన్ తిరిగొచ్చేసరికి అతను సిమెంటు బెంచీ మీద, వెళ్ళినప్పుడు కూర్చున్నట్టే కూర్చుని ఉన్నాడు. టీ కూడా తాగినట్టు లేడు.

"నన్ను రానిస్తారా ఎప్పటికైనా?" అన్నాడు.

"తెలీదండి," అంది షారోన్. "రానివ్వకపోయినా అడగడానికి లేదు మనకి."

అతను తల ఊపాడు. తెనాలి బస్సు వచ్చింది. జనం తోసుకుంటూ ఎక్కుతుంటే, కాలిన చేతులు ఎవరికీ తగలకుండా దగ్గరికి పట్టుకుని, ఆమె వెనకే ఎక్కాడు.